అత్తగారి పెట్టె కదపకుండానే పుస్తకాలకు చోటు

ప్రశ్న: మాది విజయనగరం కంటోన్మెంట్ దగ్గర రెండు గదుల అద్దె ఇల్లు. ఈ జూన్‌లో బాబు ఎనిమిదో తరగతికి, పాప మూడో తరగతికి వెళ్తారు. నేను గంట స్తంభం దగ్గర బట్టల షాపులో పని చేస్తాను. మా ఆయనకు పైడిభీమవరంలో షిఫ్టు డ్యూటీ. అత్తగారు ఊరి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గంగాళాలు, ట్రంకు పెట్టె, పాత దుప్పట్ల మూటలతో ఒక గది సగం నిండిపోయింది. తీసేద్దామంటే "వాటిని పడేస్తే నన్ను పడేసినట్టే" అని ఏడుస్తారు. కిందటేడు బడి తెరిచిన రోజు పాప షూ ఒకటి కనబడలేదు. ఆటో వెళ్లిపోయింది. కోపంలో పాపను కొట్టాను. మళ్లీ జూన్ వస్తోందంటే టెన్షన్‌గా ఉంది. సర్దడం ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక నాకు ముందు తట్టింది సామాన్లు కాదు. కుళాయి ఎప్పుడొస్తుందో, ఆటో ఎన్నింటికో, ఎవరి సాక్సులు ఎక్కడున్నాయో గుర్తుంచుకునేది మీరొక్కరే. ఇంట్లో ఐదుగురున్నారు. షూ కనబడకపోతే కంగారు పడింది మాత్రం మీరే. కొట్టడం తప్పే. కానీ ఆ చెయ్యి ఎందుకు లేచిందో నాకు అర్థమైంది.

ఇక అత్తగారి మాట. అది మొండితనం అని నేను అనుకోను. ఊరూ ఇల్లూ వదిలి మీ రెండు గదుల్లోకి వచ్చిన మనిషికి ఆ పెట్టే ఇల్లు. ఆ గంగాళాలు ఎవరు పెట్టారో, ఎప్పటివో మీరు ఎప్పుడైనా అడిగారా? షాపుకి సెలవున్న సాయంత్రం పక్కన కూర్చుని పెట్టె తెరిచి చూపించమనండి. పాపను కూడా కూర్చోబెట్టండి. ఆ పూట ఏదీ తీసేయాలన్న మాట ఎత్తకండి. మర్నాడు "అత్తయ్యా, పిల్లల పుస్తకాలకి కాస్త చోటు కావాలి, ఎక్కడ పెడదాం?" అని అడగండి. ఇది తీసేయండి అంటే గొడవ అవుతుంది. చోటు చూపించమంటే పెద్దరికం ఆమెకే ఇచ్చినట్టవుతుంది. దుప్పట్ల మూటలు విప్పి గంగాళాల్లో సర్దితే సగం నేల ఖాళీ అవుతుంది. ఆమె ఒప్పుకుంటే ట్రంకు పెట్టె మీద ఒక దుప్పటి పరవండి. కింద కూర్చుని రాసుకునే పాపకి అదే బల్ల. మనవరాలు తన పెట్టె మీద చదువుకుంటుంటే ఆ పెట్టె మీద మీకూ విసుగు తగ్గుతుంది.

మీ ఆయన సంగతి. షిఫ్టు డ్యూటీ చేసే మనిషికి ఇంటి పనులు చెప్పడానికి మనకే మొహమాటం. చెప్పండి. పుస్తకాలకు అట్టలు వేసి పేర్లు రాయడం ఆయన పని, పూర్తిగా ఆయనదే. తన వీలు చూసుకుని రెండు మూడు రోజుల్లో వేస్తారు. మీరు మధ్యలో వెళ్లి సరిచేయకండి. అట్ట కాస్త వంకరగా వచ్చినా ఫర్వాలేదు. బాబుకి గోడకి ఒక మేకు, బీరువాలో ఒక అర. బ్యాగు రాత్రే సర్ది ఆ మేకుకి తగిలించడం, తన క్యారేజీ తనే కడుక్కోవడం వాడి వంతు. మగపిల్లాడని వదిలేయకండి.

మన దగ్గర బడులు మామూలుగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. నెల మొదటి నుంచే రోజుకి పావుగంట చొప్పున నిద్ర వేళ ముందుకు జరపండి. పాప వయసుకి కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి. పొద్దున్న ఆరుకి లేవాలంటే రాత్రి తొమ్మిదికల్లా పడుకోవాలి. పాత షూ ఇప్పుడే తొడిగి చూడండి. వేసవిలో పాదాలు పెరిగిపోతాయి. సర్కారు బడి అయితే బ్యాగు, షూ ప్రభుత్వం ఇచ్చే కిట్‌లో వస్తాయి. అవి చేతికి అందేదాకా పాతవి ఉంచండి. వానలు మొదలయ్యాక సాక్సులు ఆరవు, అదనంగా ఒక జత పక్కన పెట్టండి. బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని 2020 నాటి జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. పాప బ్యాగు ఒకసారి ఎత్తి చూడండి.

పొద్దున్న టిఫిన్ విషయంలో కూడా మిమ్మల్ని మీరు చంపుకోకండి. మన వైపు చోడి (రాగి) అంబలి తాగి, రాత్రి నానబెట్టిన తరవాణి అన్నం తిని బడికి వెళ్లిన వాళ్లు ఎంతమంది! రాత్రే సిద్ధమయ్యేది ఏదైనా మొదటి వారానికి చాలు. అత్తగారికి చోడి అంబలి కాచడం వచ్చే ఉంటుంది, అడగండి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. ఆ రోజు పాపకి గుర్తుండే ఉంటుంది. బడి తెరవకముందే దగ్గర కూర్చోబెట్టుకుని "ఆ రోజు నిన్ను కొట్టడం నాదే తప్పు" అని చెప్పండి. "నువ్వు కూడా షూ జాగ్రత్తగా పెట్టి ఉంటే" అని చివర కలపకండి. పాప ఏడిస్తే ఏడవనివ్వండి. తర్వాత ఇద్దరూ గుమ్మం దగ్గర షూ పెట్టడానికి చోటు చూడండి. ఆ చోటు పాపే చెప్పాలి.