కిడ్నీ గడ్డ ఆపరేషన్: ఒక్క కొమ్మనే మూస్తే మేలా?

మీ అమ్మగారి కుడి కిడ్నీలో 3 సెం.మీ. గడ్డ ఉందని, కీహోల్‌లో (చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్‌లో) 'సెలెక్టివ్ క్లాంపింగ్' చేస్తామన్నారని, అదే మంచిదా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. మాది అనంతపురం పక్కన పల్లె. మా నాన్నకు ఇదే ఆపరేషన్ బెంగళూరులో రోబోతో చేయించాం.

గడ్డ కోసేటప్పుడు రక్తం పారకుండా, కిడ్నీకి వెళ్ళే పెద్ద ధమనికి బుల్‌డాగ్ క్లాంపు అనే చిన్న క్లిప్పు పెడతారు. అది ఉన్నంతసేపు కిడ్నీ మొత్తానికీ రక్తం అందదు. అందుకే 25, 30 నిమిషాలు దాటకముందే గడ్డ తీసి కుట్లు వేసెయ్యాలని చూస్తారు. సెలెక్టివ్ అంటే గడ్డ ఉన్న భాగానికి వెళ్ళే కొమ్మను మాత్రమే మూయడం. డాక్టర్ బొమ్మ గీస్తుంటే నాన్న అందుకుని, "అంటే సార్, బోరు కట్టెయ్యకుండా డ్రిప్పు పైపు పగిలిన లైనుకు మాత్రం వాల్వు తిప్పినట్టు" అన్నాడు. చీనీ తోట చేసిన మనిషి మరి. డాక్టర్ నవ్వి, "కిడ్నీలో ఒక కొమ్మ రక్తం పక్క భాగానికి పారదు, అందుకే ఇది కుదురుతుంది" అన్నారు.

కొమ్మ మూశాక ఐసీజీ అనే రంగుమందు నరంలోకి ఎక్కిస్తారు. ప్రత్యేక కెమెరాలో రక్తం అందుతున్న భాగం పచ్చగా మెరుస్తుంది, మూసిన భాగం నల్లగా ఉండిపోతుంది. ఈ మందులో అయోడిన్ ఉంటుంది, అమ్మగారికి పడకపోతే ముందే చెప్పండి.

నాన్న విషయంలో గడ్డ అంచు ఒకటి పచ్చగానే ఉండిపోయిందట. ఇంకో కొమ్మ కూడా దానికి రక్తం ఇస్తోంది. దాంతో పెద్ద ధమనినే 18 నిమిషాలు మూసి పని ముగించారు. బయటికొచ్చి ఆ మాట చెప్పగానే నాకు టెన్షన్, ఏదో తప్పు జరిగిందేమోనని. తర్వాత అర్థమైంది, రక్తంలో సరిగ్గా కనపడకుండా కోస్తే గడ్డ ముక్క మిగిలిపోయే ప్రమాదం ఉంటుంది, దానికంటే ఇదే నయం. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.3 నుంచి 1.6కు పెరిగి, మూడు నెలలకు 1.4కు దిగింది.

రెండు కిడ్నీలూ బాగున్నవాళ్ళకు ఈ రెండు పద్ధతుల మధ్య చివరికి పెద్ద తేడా ఉండదనే డాక్టర్ కూడా అన్నారు. పైగా సెలెక్టివ్‌లో కొమ్మ వెతకడానికి టైం ఎక్కువ పడుతుంది, రక్తం కొంచెం ఎక్కువ పోవచ్చు. ఒకే కిడ్నీ ఉన్నా, షుగర్ వల్ల ఇప్పటికే దెబ్బతిని ఉన్నా అప్పుడు దీని విలువ వేరు. కాబట్టి "సెలెక్టివ్ చేస్తారా" అని కాదు, "కుదరకపోతే ఏం చేస్తారు" అని అడగండి.

ఇంకొకటి, సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్) రిపోర్టు కాగితంతో పని జరగదు. ఏ కొమ్మ ఎటు పోతుందో వాళ్ళు బొమ్మల్లోనే చూసుకోవాలి. మేము ఆ బొమ్మలున్న సీడీ ఇంట్లో మర్చిపోయి వెళ్ళాం. మా బామ్మర్ది దాన్ని రాత్రి బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపితే, తెల్లారి ఐదింటికి నేను బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో నిలబడి తీసుకున్నా.