బండి మొరాయిస్తే డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: కాలేజీ రోజుల నుంచీ నాకు స్పోర్ట్స్ కారంటే పిచ్చి. ఇన్నేళ్లకు చేతిలో కాస్త డబ్బు చేరింది. ఎనిమిదేళ్ల నాటి రెండు డోర్ల కారు అమ్మకానికి ఉందని తెలిసి వెళ్లి నడిపి చూశాను. మొదటి పావుగంట అద్భుతంగా ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కాక రెండో గేరు పడేటప్పుడు గట్టిగా కుదుపు వచ్చింది, మీటర్‌లో పసుపు లైటు వెలిగింది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే లైటు పోయింది. 'ఈ కార్లకు కాస్త మూడ్ ఉంటుంది సార్, అలవాటైపోతుంది' అన్నారు అమ్మే ఆయన. ఆయన దగ్గర ఇంకో రెండు కార్లు కూడా అమ్మకానికి ఉన్నాయి. ఈ కారు ఆర్సీ మాత్రం వేరే వ్యక్తి పేరు మీద ఉంది, ఆయన సంతకం చేసిన ఫారాలు ఉన్నాయట. 'సగం ధరకే రసీదు రాద్దాం, మిగతాది క్యాష్ ఇవ్వండి, పేరు మార్పు తర్వాత చూసుకోవచ్చు' అంటున్నారు. అడ్వాన్స్ కొంత ఆయన బావమరిది నంబరుకు ఫోన్‌లో పంపాను. నా భార్య ససేమిరా వద్దంటోంది. నాకేమో ఆ కారు కళ్ల ముందే తిరుగుతోంది, ఒకటే టెన్షన్. కొనమంటారా? కొన్నాక మొరాయిస్తే డబ్బు రాబట్టుకోవచ్చా?

సమాధానం: మీ ఉత్తరంలో సగం కారు మీద ఇష్టం, పావు వంతు ఇంట్లో గొడవ. కేసు వాటి మీద నడవదు. రెండో గేరులో కుదుపు, పసుపు లైటు అంటూ మీరు రెండు ముక్కల్లో తేల్చేసిన సంగతి మీదే నడుస్తుంది. ఆ లోపాన్ని డబ్బు కట్టకముందే మీరు కళ్లారా చూశారు. తెలిసి కొన్న లోపానికి పరిహారం ఇవ్వమని ఏ కోర్టునూ తేలిగ్గా ఒప్పించలేరు. ఇప్పుడున్న పరిస్థితిలో కొంటే, ఆ గేర్‌బాక్స్ విషయంలో మీకు కేసు లేనట్టే.

ఎందుకో చెబుతాను. వస్తు విక్రయ చట్టం 1930లోని సెక్షన్ 16 ప్రకారం సరుకు నాణ్యతకు అమ్మేవాడు మామూలుగా హామీదారు కాడు. దీనికి మినహాయింపులు ముఖ్యంగా ఆ రకం సరుకుతో వ్యాపారం చేసేవాళ్లకే వర్తిస్తాయి. అక్కడ కూడా, కొనేవాడు సరుకును పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాల గురించి తర్వాత ఫిర్యాదు చేయడానికి వీల్లేదు. మీ విషయంలో లోపం బయటపడాల్సింది కాదు, బయటపడింది. 'మూడ్ ఉంటుంది' అన్న మాట హామీ కిందికి రాదు. అది ఆయన అభిప్రాయం.

మరి దారి లేదా? ఉంది, డబ్బు మీ చేతిలో ఉన్నంతవరకే ఉంది.

కాంట్రాక్టు చట్టం 1872, సెక్షన్ 17 మోసం అంటే ఏమిటో చెబుతూ ఒక గుర్రాన్ని ఉదాహరణగా ఇచ్చింది. గుర్రంలో లోపం ఉందని అమ్మేవాడికి తెలుసు, కానీ ఏమీ చెప్పకుండా అమ్మేశాడు. అది మోసం కాదంటుంది చట్టం, ఊరికే మౌనంగా ఉండటం మోసం కిందికి రాదు కాబట్టి. అదే సెక్షన్‌లో ఇంకో ఉదాహరణ ఉంది. కొనేవాడు 'నువ్వు కాదనకపోతే ఈ గుర్రం మంచిదేనని అనుకుంటాను' అన్నాడు, అమ్మేవాడు నోరు మెదపలేదు. ఇక్కడ ఆ మౌనం మాటతో సమానం అంటుంది అదే సెక్షన్. నూట యాభై ఏళ్ల నాటి ఈ రెండు ఉదాహరణల మధ్య ఉన్న తేడాయే మీ కేసు. మొదటి కొనుగోలుదారుకు ఏమీ రాదు. రెండో కొనుగోలుదారు ఒప్పందాన్ని రద్దు చేయమని కోర్టుకు వెళ్లగలడు. అతను అదనంగా చేసింది ఒక్క మాట అనడమే.

మీరు ఆ మాట రాసి పంపండి. ఫోన్లో మాట్లాడితే చాలదు, వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో పంపండి. ఇలా రాయొచ్చు: 'ఫలానా నంబరు కారును ఫలానా తేదీన నేను నడిపినప్పుడు, ఇంజిన్ వేడెక్కాక రెండో గేరులో కుదుపు వచ్చింది, హెచ్చరిక లైటు వెలిగింది. గేర్‌బాక్స్‌కు గానీ క్లచ్‌కు గానీ రిపేరు అవసరమని ఏ వర్క్‌షాపూ మీకు చెప్పలేదని, బండి ప్రమాదంలోనూ వరద నీటిలోనూ దెబ్బతినలేదని, తిరిగిన కిలోమీటర్ల రీడింగ్ మార్చలేదని నమ్మి కొంటున్నాను. ఇందులో ఏది నిజం కాకపోయినా నేను డబ్బు కట్టేలోపు చెప్పండి. చెప్పకపోతే అన్నీ నిజమేనని భావిస్తాను.'

ఆయన 'అవును, నిజమే' అని రాస్తే మీ చేతిలో లిఖితపూర్వక హామీ ఉన్నట్టు. అది తప్పని తేలితే వస్తు విక్రయ చట్టం సెక్షన్ 59 కింద నష్టపరిహారం అడగొచ్చు. అబద్ధమని తెలిసే రాశారని రుజువైతే ఒప్పందాన్నే రద్దు చేసుకోవచ్చు. రిపేరు అవసరమని వర్క్‌షాపు చెప్పిన మాట నిజమేనని ఒప్పుకుంటే, ఎస్టిమేట్ తీసుకుని ధర తగ్గించమనండి. జవాబు ఇవ్వకుండా 'నమ్మకం లేకపోతే వదిలేయండి సార్' అంటే వదిలేయండి. నిజం తెలిసిన మనిషే రాతలో పెట్టడానికి భయపడుతుంటే, ఆ రిస్కు మీరెందుకు తీసుకోవాలి?

అలాగని మెసేజ్ పంపి ఊరుకోకూడదు. మామూలు జాగ్రత్త తీసుకుంటే నిజం తెలిసే అవకాశం ఉండి కూడా పట్టించుకోని వాడికి, అవతలివాడి మౌనాన్ని చూపి ఒప్పందం రద్దు చేసుకునే హక్కు ఉండదని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 చెబుతోంది. అందుకే ఆ మోడల్ తెలిసిన వర్క్‌షాపులో చెక్ చేయించి, తేదీ, సంతకం ఉన్న రిపోర్టు తీసుకోండి. మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం, ఆ రోజు పరీక్ష మానేసి ఇంకో రోజు వెళ్లండి. బండి కంప్యూటర్‌కు స్కానర్ పెట్టినప్పుడు అందులో నమోదయ్యే లోపాల కోడ్‌లు ఏమీ కనిపించకపోతే వెంటనే సంతోషపడకండి. కోడ్‌లను చెరిపేయడం నిమిషం పని. చెరిపేసినా బ్యాటరీ తీసి పెట్టినా, బండి తనను తాను పరీక్షించుకునే అంశాలు మళ్లీ మొదటికి వస్తాయి, కొంత దూరం తిరిగితే గానీ పూర్తి కావు. అవి 'పూర్తి కాలేదు' అని చూపిస్తుంటే ఎందుకని అడిగి, ఆ జవాబు కూడా రాతలోనే తీసుకోండి.

ఇంకో మాట కూడా మీరు పట్టించుకోలేదు. ఆయన దగ్గర ఇంకో రెండు కార్లు అమ్మకానికి ఉన్నాయన్నారు. సొంత కారు అమ్ముకునే మనిషి మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేరు, సివిల్ కోర్టే గతి. కార్ల వ్యాపారం చేసేవాడైతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 వర్తిస్తుంది, మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లు రిజిస్టరింగ్ అధికారి నుంచి అధికార పత్రం తీసుకోవాలి, తమ చేతికి వచ్చిన బండి వివరాలను ఆ అధికారికి తెలపాలి. ఆ పత్రం చూపించమనండి. ఆయన పెట్టిన అమ్మకం ప్రకటనలన్నీ ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రేపు 'నేను వ్యాపారిని కాదు' అంటే మీకు అవే సాక్ష్యం.

ఇక సంతకాలు చేసిన ఫారాలు, సగం రసీదు. ఈ దారిలో అస్సలు వెళ్లకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. మీకు అమ్ముతున్న మనిషి తన పేరు మీదకు మార్చుకోకుండానే బండిని ఇంకొకరికి దాటిస్తున్నాడు. రికార్డులో యజమాని వేరే ఉన్నారు. ఆ యజమాని నిజంగా అమ్మారా, డబ్బు పూర్తిగా అందిందా, బండి మీద బ్యాంకు లోను ఉందా, ఇవేవీ ఖాళీ ఫారం మీది సంతకం చెప్పదు. ఆయన వచ్చి 'నేను అమ్మలేదు, వాడుకోమని ఇచ్చాను' అంటే మీరు ఏ కాగితం చూపిస్తారు? బండి మీ పేరు మీదకు మారకపోతే బీమా విషయంలోనూ దెబ్బ తింటారు. ఎదుటివారికి జరిగిన నష్టానికి ఉండే థర్డ్ పార్టీ బీమా చట్టప్రకారం మీకు బదిలీ అవుతుంది గానీ, మీ బండికే జరిగిన నష్టానికి ఉండే బీమా దానంతట అది బదిలీ కాదు. అంత ఖరీదైన కారు గోడకు గుద్దుకున్న రోజున కంపెనీ చేతులెత్తేస్తే మీరు ఏమీ చేయలేరు. ఆర్సీలో పేరున్న వ్యక్తిని స్వయంగా కలవండి. పేరు మార్పుకు వాడే ఫారం 29, ఫారం 30 మీద సంతకం ఆయన మీ ఎదుటే చేయాలి. లోను నమోదై ఉంటే, దాన్ని ఆర్సీ నుంచి తీసేయడానికి వాడే ఫారం 35, అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ చేతికి రాకుండా డబ్బు కదిలించకండి.

సగం రసీదు విషయంలో ఒక్కసారి ఆలోచించండి. రేపు కేసు గెలిచారనే అనుకుందాం. కోర్టు ఎంత ఇప్పిస్తుంది? రసీదులో ఉన్నంతే. మిగతా సగం ఇచ్చానని చెప్పాలంటే, దొంగ రసీదు రాసుకున్నామని మీ నోటితో మీరే ఒప్పుకోవాలి. ఆ తర్వాత మీరు చెప్పే మరే మాటకూ విలువ ఉండదు. ఒక లావాదేవీలో రెండు లక్షలు, ఆపైన క్యాష్ తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తోంది కూడా. మొత్తం ధర బ్యాంకు ద్వారానే వెళ్లాలి, మొత్తం ధరకే రసీదు రావాలి.

గడువుల సంగతి. వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లు. సివిల్ కోర్టులో సాధారణంగా మూడేళ్లు. మోసం జరిగిన చోట, అది మీకు తెలిసిన రోజు నుంచి లేదా శ్రద్ధ పెడితే తెలిసి ఉండాల్సిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. మీరు పసుపు లైటు చూసిన రోజునే తెలిసిందని అవతలి లాయరు వాదిస్తాడు, గుర్తుంచుకోండి. మెసేజ్‌లు సాక్ష్యంగా పనికి రావాలంటే భారతీయ సాక్ష్య అధినియం 2023, సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. కాబట్టి చాట్‌లో ఒక్క ముక్క కూడా చెరపకండి, వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఇప్పుడే ఆపేయండి, ఆ ఫోన్ మార్చేస్తే పాతది అమ్మేయకండి.

చివరగా అడ్వాన్స్. చదువుకున్నవారు, సంపాదించుకున్న డబ్బు, దాన్ని రసీదు లేకుండా, ఎందుకు పంపుతున్నారో ఒక్క మాట రాయకుండా, అమ్మేవాడి బావమరిది ఖాతాకు ఎలా పంపారు? రేపు 'అది నేనిచ్చిన చేబదులు, తీర్చాడు' అని ఆ బావమరిది అంటే మీ దగ్గర జవాబు లేదు. ఈ పొరపాటును ఇవాళే సరిదిద్దుకోండి. అమ్మే ఆయనకు ఒక మెసేజ్ పెట్టండి: 'ఫలానా కారు కొనుగోలు కోసం అడ్వాన్స్‌గా ఫలానా తేదీన ఇంత మొత్తం మీరు చెప్పిన ఫలానా నంబరుకు పంపాను, అందినట్టు తెలియజేయండి.' ఆయన 'అందింది' అన్న ఒక్క మాటతో ఆ డబ్బు రికార్డులోకి వస్తుంది. బేరం కుదరకపోతే అడ్వాన్స్ పోతుందన్న షరతు మీరెక్కడా ఒప్పుకోలేదు కాబట్టి వెనక్కి అడిగే హక్కు మీకుంది. ముందు ఈ మెసేజ్ వెళ్లాలి, అందిందన్న జవాబు వచ్చాకే గేర్‌బాక్స్ గురించిన మెసేజ్ పంపండి. ఆ రెండో మెసేజ్ చూసి ఆయన బేరం వద్దనుకుంటే, డబ్బు తిరిగివ్వడానికి పదిహేను రోజుల గడువు పెట్టి లాయరు చేత నోటీసు ఇప్పించండి. నోటీసు ఇద్దరి పేరునా వెళ్లాలి, ఆయనకూ, డబ్బు అందుకున్న బావమరిదికీ.