గుండె రంధ్రానికి కోత తప్పదా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా పాపకు ఆరేళ్లు. గుండె పైగదుల మధ్య 14 మిల్లీమీటర్ల రంధ్రం ఉందన్నారు. కోత లేకుండా బటన్ పెట్టి మూస్తారట. పాప పెరిగితే అది ఊడిపోదా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: పాప ఎదిగినంత మాత్రాన ఊడదమ్మా. మీరు బటన్ అంటున్నది నిటినాల్ అనే మిశ్రలోహపు తీగతో అల్లిన రెండు బిళ్లలు, మధ్యలో చిన్న నడుము. సన్నని గొట్టంలో పెట్టి గజ్జ దగ్గరి సిర గుండా గుండెలోకి పంపుతాం. గొట్టం దాటగానే గొడుగులా విచ్చుకుని గోడను రెండువైపులా పట్టుకుంటుంది. ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో చూస్తూనే పెడతాం కాబట్టి, సరిగ్గా కూర్చోకపోతే వదలకముందే వెనక్కి లాగేస్తాం. కొన్ని నెలల్లో దానిపై సొంత కణజాలం పెరిగి కప్పేస్తుంది. జారడం అరుదు, జారినా ఎక్కువగా మొదటి రోజుల్లోనే.

అయితే 14 అనే అంకె ఒక్కటే పట్టుకోకండి. రంధ్రం చుట్టూ అంచు ఎంతుందన్నదే అసలు సంగతి. అంచు చాలకపోతే సర్జరీయే మేలు. అలాంటి పిల్లల్ని సర్జన్ దగ్గరకు పంపడానికి నేనైతే మొహమాటపడను.

బటన్ పెట్టాక సాధారణంగా ఆరు నెలలు ఆస్పిరిన్ ఇస్తారు. ఆ ఆరు నెలల్లో పన్ను తీయించాల్సి వస్తే ముందు మీ డాక్టరుకు చెప్పండి. అన్నట్టు, గిల్టు నగలు పెడితే పాపకు దద్దుర్లు వస్తాయా? వస్తే ఇప్పుడే చెప్పాలి. గిల్టు నగల దద్దుర్లకు తరచూ కారణమయ్యే నికెల్ లోహం బటన్ తీగలోనూ ఉంటుంది.