పాత సోలారిస్ సర్వర్ మీద చెయ్యి వేసే ముందు

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. రాయగడ ఫ్యాక్టరీలో సోలారిస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో ఏళ్ల తరబడి నడుస్తున్న సర్వర్‌లోని లెక్కలన్నీ లినక్స్‌లోకి మార్చే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో ఆ విద్య నాతోనే ఆగిపోతుందనుకున్నాను. ఛాతీ పొంగింది, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఉత్తరం పెద్దదైతే విసుక్కోకు.

బ్యాకప్ తియ్యి. తీసినదాన్ని వేరే యంత్రంలో తిరిగి పోసి చూడు. చేసిన ప్రతి పనీ నోటుపుస్తకంలో రాసుకో. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఆ వ్యవస్థ వంశం. సోలారిస్‌ను తయారుచేసిన సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ 1982లో పుట్టింది. మన వినోద్ ఖోస్లా దాని స్థాపకుల్లో ఒకడు. యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బీఎస్‌డీ అనే శాఖను పెంచిన బిల్ జాయ్ అందులో చేరాడు కాబట్టి, సోలారిస్‌కు ముందు సన్ వాడిన సన్‌ఓఎస్ ఆ బర్క్‌లీ ఇంటి బిడ్డే అయింది. యునిక్స్ పుట్టిల్లు ఏటీ అండ్ టీ. వాళ్లది సిస్టమ్ ఫైవ్ అనే వేరే శాఖ. రెండు శాఖలనూ కలుపుతామని 1987లో సన్, ఏటీ అండ్ టీ ప్రకటించేసరికి ఐబీఎం, హెచ్‌పీ, డెక్ ఉలిక్కిపడి మరుసటి ఏడాదే వేరుకుంపటి పెట్టుకున్నాయి. 1992లో వచ్చిన సోలారిస్ 2 ఆ కలయిక ఫలితమే. అందుకే సోలారిస్ 10 దాకా నడుస్తున్న ప్రోగ్రాములను చూపించే పీఎస్ అనే ఆదేశం రెండు చోట్ల ఉంటుంది: ఒకటి సిస్టమ్ ఫైవ్ పద్ధతి, యూసీబీ డైరెక్టరీలోది బర్క్‌లీ పద్ధతి. పేరు ఒకటే, జవాబు వేరు. నా భయమంతా ఇక్కడే ఉంది.

లినక్స్ నేర్చుకుని మా ఆఫీసులో చేరిన కుర్రాడొకడు ఉండేవాడు. నీలాగే చురుకు, నీలాగే చేతివేగం. నెలాఖరున జీతాల లెక్క నడుస్తుంటే ఒక రిపోర్టు ప్రోగ్రాము ఇరుక్కుపోయింది. దాన్ని ఆపుదామని అన్ని అధికారాలూ ఉండే రూట్‌గా లాగిన్ అయ్యి, వాడే పద్ధతి చూద్దామని ఉత్త 'కిల్‌ఆల్' అని కొట్టి ఎంటర్ నొక్కాడు. లినక్స్‌లో అది మనం పేరు చెప్పిన ప్రోగ్రామునే ఆపుతుంది, ఉత్తగా కొడితే వాడకం వివరాలు చూపించి ఊరుకుంటుంది. సోలారిస్‌లో ఆ ఆదేశం సిస్టమ్ ఫైవ్ సొత్తు. యంత్రాన్ని మూసేటప్పుడు నడుస్తున్నవన్నీ ఆపడానికి పెట్టింది. పేరులో ఉన్న పని అక్షరాలా చేసింది. అకౌంట్స్ గదిలో తెరలన్నీ ఒక్కసారే నిలిచిపోయాయి, డేటాబేస్ సగం రాతలో కూలింది. "వాడకం అడిగానండీ, అంతే" అని గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. పైవాళ్లు నానా మాటలూ అన్నారు. ఒక్కరైనా ముందు చెప్పి ఉండాల్సిందన్న మాట ఎవరి నోటా రాలేదు. తెల్లారేదాకా లెక్కలు తిరిగి పోశాం. మీ అత్తయ్య పంపిన కేరియర్ వాడు ముట్టుకోకపోతే కసిరి తినిపించాను.

కాబట్టి పేరుతో ఆపాలంటే 1998లో సోలారిస్ 7తో వచ్చిన పీకిల్ వాడు. అంతకుముందు పీగ్రెప్‌తో ఏవేవి దొరుకుతున్నాయో చూసుకో. రూట్‌గా ఉన్నంతసేపూ వేళ్ల అలవాటును నమ్మకు. తిడుతున్నానని అనుకోకు తల్లీ, నీ చేతివేగం చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాణ్ని.

లెక్కల ఫైళ్ల సంగతి. సన్ యంత్రాల్లోని స్పార్క్ ప్రాసెసర్ అంకెలో పెద్ద విలువ ఉన్న బైటును ముందు పెడుతుంది, ఇంటెల్ చిన్న విలువ ఉన్నదాన్ని. నాలుగు బైట్ల బైనరీ ఫైలును ఉన్నదున్నట్టు కాపీ చేస్తే ఒక్క రూపాయి కాస్తా 1,67,77,216 రూపాయలవుతుంది. డేటాను అక్షరాల రూపంలో బయటకు తీసి, లినక్స్‌లో ఎక్కించు.

డిస్కులు జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఉంటే నీ అదృష్టం. 2005లో వచ్చిన సోలారిస్ 10కి మరుసటి ఏడాది అది తోడయ్యాకే కరెంటు పోయినప్పుడు నా గుండెదడ తగ్గింది. అయితే 2010లో సన్‌ను ఒరాకిల్ కొనడం పూర్తయింది, ఆ ఏడే కొత్త సోర్సు బయటపెట్టడం ఆగింది. అప్పటి నుంచి దారులు వేరు: పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ కింద కలిపిన డిస్కుల గుంపు) వెర్షన్ 28 దాటితే లినక్స్‌లోని ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ దాన్ని చదవలేదు. డిస్కు పీకి లినక్స్ యంత్రానికి తగిలిద్దామనే ఆలోచన పెట్టుకోకు.

సర్వర్‌ను నడిపే తెరకు కలిపిన కన్సోల్ కేబుల్ కూడా పీకకు. బ్రేక్ సంకేతం వెళ్లి యంత్రం ఆగిపోయి, తెర మీద నింపాదిగా 'ఓకే' అంటుంది. ఆ ఓకే చూసి సంతోషించేవాళ్లూ ఉన్నారు! స్విచ్ ఆపకుండా 'గో' అని కొట్టు, వదిలిన చోటి నుంచి నడుస్తుంది.

చివరిది, నా మాట తీసెయ్యకు. అక్టోబరులో ఈ మార్పు పెట్టుకోవద్దు. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడ బరంపురంలో మేం చీకట్లో కూర్చున్నాం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచింది. సంక్రాంతి వెళ్లాక, మార్చి ముగింపు హడావుడికి ముందు చెయ్యి. పాత సర్వర్‌ను ఒక ఆడిట్ పూర్తయ్యేదాకా తుక్కుకు అమ్మనివ్వకు. మీ మేనేజరు తొందరపెడితే నా పేరు ఎత్తకు, తుపాన్ల తేదీలు చెప్పు.

మీ బరంపురం మామయ్య