4294967297: హుద్‌హుద్ తరువాత కొవ్వొత్తి లెక్క

“4294967297 ప్రధాన సంఖ్య అవునో కాదో కంప్యూటర్ లేకుండా తేల్చగలమా?” అని అడిగారు. తేల్చగలం, మా ఇంట్లో తేల్చాం కూడా.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన తరువాత మా సీతమ్మధారలో రోజుల తరబడి కరెంటు లేదు. పొద్దున్నే పాల కోసం వరుసలో నిలబడడం, రాత్రయితే ఛార్జింగ్ అయిపోయిన ఫోన్లను చూస్తూ కూర్చోవడం తప్ప వేరే పని లేదు. ఇంటర్మీడియట్ చదువుతున్న మా అక్క కొడుకుకు ఒక రాత్రి ఈ సంఖ్య ఇచ్చాను. 2 యొక్క 32వ ఘాతానికి 1 కలిపితే వచ్చే ఈ సంఖ్యను ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా ప్రధాన సంఖ్యగా భావించాడనీ, 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ దానిని కారణాంకాలుగా విడగొట్టాడనీ మాత్రమే చెప్పాను.

వాడు పది అంకెలూ వరుసగా రాసుకొని 3తో, 7తో, 11తో భాగించడం మొదలుపెట్టాడు. ఆ దారిన పోతే మొదటి కారణాంకం దొరకడానికి 116వ ప్రధాన సంఖ్య వరకు వెళ్ళాలి. “మావయ్యా, తెల్లారినా ఇది తేలదు” అన్నాడు. వాడిని అనవలసిన పని లేదు. కోచింగుల్లో అంకెల మొత్తం చూడు, చివరి అంకె చూడు అంటూ చిట్కాలు వల్లె వేయిస్తారే గాని, ఆ సంఖ్య ఏ రూపంలో పుట్టిందో చూడమని చెప్పేవారిని నేను ఇంతవరకు చూడలేదు.

దీని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 64తో భాగించినప్పుడు 1 శేషంగా మిగలాలని ఆయిలర్ నిరూపించాడు. ఆ నియమంతో జల్లెడ పడితే మొదట మిగిలేవి 193, 257, 449, 577, 641. వీటిలో 257ను నోటితోనే కొట్టివేయవచ్చు: 256 దానికంటే ఒకటి తక్కువ, 256 యొక్క నాలుగో ఘాతమే 2 యొక్క 32వ ఘాతం; కనుక దాని శేషం 1, చివరి 1 కలిపితే 2 వస్తుంది. మిగిలిన వాటికి కూడా పది అంకెల సంఖ్యను భాగించనక్కరలేదు. 2 యొక్క 16వ ఘాతమైన 65536ను వర్గం చేస్తే 32వ ఘాతం వస్తుంది కనుక, 65536ను భాగించి, వచ్చిన శేషాన్ని వర్గం చేస్తే చాలు. 193, 449, 577 కుదరలేదు. 641తో భాగిస్తే 154 మిగిలింది. 154 వర్గం 23716. 641ని 37తో గుణిస్తే 23717. ఒక్కటే తక్కువ! ఆ ఒక్కటి కలపడానికే కదా మన సంఖ్య చివర 1 ఉన్నది. మావాడు పెన్సిలు కింద పడేసి, కొవ్వొత్తి ఆరిపోయేంత గట్టిగా చప్పట్లు కొట్టాడు.

భాగఫలం 6700417. “మరి దీని సంగతేమిటి?” అని వాడే అడిగాడు. దాని కారణాంకాలు అసలు సంఖ్యకూ కారణాంకాలే కనుక అదే నియమం దీనికీ వర్తిస్తుంది; వర్గమూలం 2588 దాటి కొంచెమే కనుక, అప్పటికే తోసిపుచ్చిన నాలుగూ పోగా చూడవలసినవి ఏడే: 641, 769, 1153, 1217, 1409, 1601, 2113. మరునాటి రాత్రి వాడు ఏడింటినీ తానే భాగించి చూసుకొని, ఏదీ పోలేదని, 6700417 ప్రధాన సంఖ్యేనని వంటింట్లో ఉన్న వాళ్ళమ్మకు వెళ్ళి చెప్పాడు.