నదిలో మాత్రం దిగకు, తల్లీ

యానాం,
ఆగస్టు 20

చిట్టితల్లికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి పది దాటాక మీ నాన్న ఫోను చేశాడు. అంత పొద్దుపోయాక వాడు చేశాడంటే ఎవరో పోయారనుకున్నాను. "అక్కయ్యా, అది ఒక్కతే ఆరు రోజులు నడుస్తుందట. నువ్వైనా చెప్పు" అన్నాడు. ఎక్కడ అంటే, ఫ్రాన్స్‌లో ఆంబ్వాజ్ నుంచి సోమూర్ దాకా, లువార్ నది ఒడ్డునే అన్నాడు. ఫోను పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. సగం భయం. మిగతా సగం, పైకి అనకూడదు గానీ, గర్వమే. ముప్పై ఏళ్లకు పైగా ఆ నది ఒడ్డునే ఉన్న తూర్‌లో కాపురం చేసినదాన్ని, ఆ దారిని ముక్కలు ముక్కలుగా నడిచానే తప్ప ఒక్క బిగిన ఎప్పుడూ నడవలేదు. మీ మామయ్యకు సెలవు దొరికితే నాకు దొరికేది కాదు. ఇద్దరికీ దొరికిన రోజున వాన.

కాబట్టి వెళ్లవద్దని రాయడం లేదు. వాడు నాతో చెప్పించాలనుకున్నది ఒకటి, నేను చెప్పేది ఇంకొకటి.

ముందు చిన్నవి చెప్పేస్తాను. కొత్త బూట్లతో బయలుదేరకు, ఈ రోజు నుంచే తొడుక్కుని తిరుగు. చెట్ల మీద, గోడల మీద పైన తెలుపు, కింద ఎరుపు గీతలు కనిపిస్తే అదే నీ దారి. ఆ రెండు రంగులూ ఇంటూ గుర్తులా ఉంటే దారి తప్పావని అర్థం. జీఆర్ 3 అని దాని పేరు. ఫ్రాన్స్‌లో అలా గుర్తులు వేసిన దూరపు కాలిబాటల్లో అదే మొదటిది, 1947లో ఓర్లేయాఁ దగ్గర మొదలుపెట్టారు. రోడ్డు లెక్క చూసి రోజుకు ఇన్ని కిలోమీటర్లని వేసుకోకు, కాలిబాట ద్రాక్షతోటల్లోకీ అడవుల్లోకీ తిప్పి తిప్పి తీసుకెళ్తుంది. గదికి చేరగానే మోకాళ్ల వెనక, చంకల్లో పిడుదులు పట్టాయేమో చూసుకో. సెప్టెంబరు చివరికి వేట మొదలవుతుంది, ఆదివారం అడవిలో నడవాల్సి వస్తే కొట్టొచ్చినట్టు కనిపించే రంగు వేసుకో. నీకిష్టమైన ఆ బూడిద రంగు చొక్కా ఇంట్లోనే ఉండనీ.

తిండి సంగతి. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా పల్లెల్లో చాలా దుకాణాలు మూసే ఉంటాయి. ఆదివారం పొద్దున్నే రొట్టె కొని సంచిలో పెట్టుకో. భోజనానికి పన్నెండున్నరకల్లా కూర్చో. రెండు దాటాక వెళ్తే బతిమాలినా పెట్టరు, నేను బతిమాలి చూశాను. రియెట్ అనేది పంది మాంసం, తెలియక రొట్టె మీద రాసుకుని తర్వాత నన్ను తిట్టుకోకు. సాంత్ మోర్ అనే మేకపాల చీజ్ దొరుకుతుంది. పొడుగ్గా, బూడిద పూసి, మధ్యలో గడ్డిపుల్ల గుచ్చి ఉంటుంది. దాన్ని చూసి మొదటిసారి నేను, పాడైపోయిందని చెత్తలో పారేశాను. మీ మామయ్య వారం రోజులు నవ్వాడు.

మంచినీళ్లు అయిపోతే శ్మశానానికి వెళ్లు. కంగారుపడకు, అక్కడ ప్రతి ఊరి శ్మశానంలోనూ పూలకు పోయడానికి కుళాయి ఉంటుంది. తాగవద్దని రాసి లేకపోతే పట్టుకోవచ్చు, అక్కడ నడిచేవాళ్లందరూ చేసే పనే. మొదటిసారి నేను గేటు దాకా వెళ్లి, మా అమ్మ గుర్తొచ్చి, దాహంతోనే వెనక్కి వచ్చేశాను. రెండోసారి పట్టుకున్నాను. ఇంటికి వచ్చి తలస్నానం చేశాననుకో, అది వేరే సంగతి.

కోటలు రోజుకు ఒకటికి మించి చూడకు. మూడోది చూసేసరికి మొదటి దాని మెట్లు రెండో దాని పైకప్పుకు అతుక్కుపోతాయి. ఆంబ్వాజ్‌లో లియొనార్డో డావిన్చీ చివరి మూడేళ్లు ఉన్న ఇల్లు చూడు, 1519లో అక్కడే పోయాడు. పై కోటలో తలుపుల దగ్గర తల చూసుకో, ఎనిమిదో షార్ల్ రాజు 1498లో ద్వారబంధానికి తల కొట్టుకునే చనిపోయాడు. నువ్వు మీ నాన్నలా పొడుగు. ఒక రోజు మిగిలితే దక్షిణంగా షనోన్సోకు వెళ్లు. అది షేర్ నది మీద వంతెనలా కట్టిన కోట. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ నదే సరిహద్దు. ఉత్తరాన ముఖద్వారం జర్మన్ల చేతిలో, పొడవాటి హాలు చివర దక్షిణపు తలుపు వాళ్లు ఆక్రమించని నేల మీద. నేను ఆ హాలులో నడిచిన ప్రతిసారీ అడుగులు లెక్కపెట్టుకునేదాన్ని. ఎందుకో చెప్పలేను.

ద్రాక్షతోటల్లో వరుస చివర గులాబీ మొక్క కనిపిస్తుంది. అందానికి మాత్రమే కాదు, బూడిద తెగులు ముందు గులాబీకి పడితే రైతు జాగ్రత్తపడేవాడు. నేను తూర్ వెళ్లిన ఏడాదే, 1974 అక్టోబరులో, వూవ్రేలో కోతకు వెళ్లాను. భాష రాదు, కత్తెర పట్టుకోవడం వచ్చు, అంతే. మన వరికోతలాగే నడుము విరిగిపోయింది. పక్క వరుసలో ఒక ముసలమ్మ నా బకెట్టులో తన గుత్తులు వేసి, నేను వెనకబడలేదని మేస్త్రీకి చూపించేది. ఆమె పేరు అడగడానికి కూడా నాకు మాటలు రాలేదు. నువ్వు తోటల్లో ఒక్క పండు కూడా కోయకు. రుచి చూడమని వాళ్లే ద్రాక్షసారా గదిలోకి పిలిస్తే వెళ్లు, శాలువా తీసుకుని వెళ్లు. అవి సున్నపురాయి కొండను తొలిచిన గుహలు, బయట ఎండ ఉన్నా లోపల చలి. ఆ కొండల్లోంచి తవ్వి తీసిన తెల్లరాయితోనే ఆ కోటలన్నీ కట్టారు. నోట్లో పోసుకుని ఉమ్మేయడం అక్కడ అమర్యాద కాదు. ఈ పేరా మీ నాన్నకు చదివి వినిపించకు.

ఇక అసలు సంగతి. దీనికోసమే ఇంత రాశాను.

సెప్టెంబరులో లువార్‌ను చూస్తే నీకు నవ్వొస్తుంది. ఫ్రాన్స్‌లోకెల్లా పొడవైన నది, వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు అని వినే వెళ్తావు. తీరా చూస్తే మధ్యలో ఇసుక తిన్నెలు, వాటి మీద పిట్టలు, చుట్టూ మోకాలి లోతు పాయలు. మన గోదావరి ముందు ఇదొక పంటకాలువ అనుకుంటావు. నేనూ అలాగే అనుకున్నాను.

1985 జూలైలో మీ నాన్న మా దగ్గరికి వచ్చాడు. వాడికి పంతొమ్మిది. వాడు పుట్టినప్పుడు నాకు పద్నాలుగు, నా చంకన పెరిగినవాడు. లాంజే దగ్గర కరకట్ట మీద నడుస్తున్నాం. ఎండ మండిపోతోంది. నదిలో తెల్లటి తిన్నె, దాని మీద ఒక్క మనిషి లేడు. "పద, అక్కడ కూర్చుని తిందాం" అన్నది నేనే. వాడు అనలేదు, ఇది గుర్తుపెట్టుకో. ఒడ్డున దిగవద్దని బోర్డు ఉంది, నాకు చదవడం వచ్చు. "గోదావరి పిల్లలం మనం, ఈ నీళ్లకు భయపడతామా" అన్నాను.

నాకు తెలియక కూడా కాదు. 1978 ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున తూర్‌లో రెండు వందల ఏళ్ల రాతి వంతెన, కమాను తర్వాత కమాను, అదే నదిలో కూలిపోయింది. స్తంభాల కింద నేలను నది కోసుకుపోయింది. ఊరికి నీళ్లు తెచ్చే గొట్టాలు దాని మీదే ఉండేవి, బిందెలతో వరుసలో నిలబడ్డాం. అంత చూసి కూడా దిగాను.

వెళ్లేటప్పుడు మోకాలి లోతు. తిన్నాం, పడుకున్నాం, మీ నాన్న పాటలు పాడాడు. వచ్చేటప్పుడు దిగిన చోటే దిగాలని తోచలేదు, ఒక ఇరవై అడుగులు కిందికి దిగాం. వాడు నా ముందున్నాడు. ఒక అడుగు వేశాడు, రెండోది వేశాడు, మూడోదానికి లేడు. నీటి మీద చొక్కా బుడగలా ఉబ్బి కనిపించింది, తర్వాత అదీ లేదు. పైకి నిద్రపోతున్నట్టు కనిపించే ఆ నీళ్ల కింద గుంటలు, సుడులు. ఇసుక ఏడాదికోసారి కాదు, వారానికోసారి చోటు మారుస్తుంది. నేను అడుగు వేస్తే నా కాళ్ల కింద కూడా అంచు విరిగింది. అరిచాను, అదీ తెలుగులో.

బల్లపరుపు పడవలో చేపలు పడుతున్న ఒక పెద్దాయన గడకర్ర చాచాడు. మీ నాన్న చేతికి అది ఎలా తగిలిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒడ్డుకు చేర్చి, వాడు నీళ్లు కక్కుతుంటే, ఆయన నన్ను చూసి, "మీ ఊళ్లో నది ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. "అయితే మీకు ఇంకా ప్రమాదం" అన్నాడు.

మీ నాన్న నిన్ను వద్దంటున్నది నువ్వు ఆడపిల్లవని కాదు, ఒంటరిగా వెళ్తున్నావని కూడా కాదు. ఆ నది పేరు వింటే వాడికి ఊపిరి ఆడదు. ఆ సంగతి మీ నానమ్మకు చెప్పలేదు, మీ అమ్మకు కూడా చెప్పి ఉండడు. నాకోసం దాచాడు.

కాళ్లు తడుపుకోవాలనిపిస్తే హోటల్ గదిలో బకెట్టులో తడుపుకో. ఫోటో కోసం కూడా తిన్నె మీదికి వెళ్లకు. ఎవరైనా ఫ్రెంచి పిల్లలు దిగి ఆడుతూ కనిపించినా సరే, వెళ్లకు. ఇది నువ్వు నాకు ఒట్టు పెట్టాలి.

ఐదో రోజుకు కాంద్ అనే పల్లె చేరతావు. గుడి వెనక నుంచి కొండ ఎక్కు, పైనుంచి వియెన్ నది వచ్చి లువార్‌లో కలవడం కనిపిస్తుంది. తిన్నెలు, పాయలు, అన్నీ కాళ్ల కింద బొమ్మల్లా ఉంటాయి. అక్కడ నిలబడి మీ నాన్నకు ఫోను చెయ్యి. ఆ రోజు వాడు వణుకుతూ, "ఆయన ఏమన్నాడు అక్కయ్యా?" అని అడిగితే, "మనది ఏ ఊరని అడుగుతున్నాడు" అన్నాను. నలభై ఏళ్లుగా అదే నమ్ముతున్నాడు. నాకు ఇప్పటికీ నోరు రావడం లేదు. ముందు కొండ మీద ఉన్నానని చెప్పు, నీళ్లకు చాలా దూరంగా ఉన్నానని చెప్పు. ఆ తర్వాత ఆయన నిజంగా ఏమన్నాడో చెప్పు.

మీ అత్తయ్య