రాసేవాళ్లకి పండక్కి ఏం కొనాలి?

సంక్రాంతి దగ్గరపడింది కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకటే సంగతి అడిగాయి. వాటికే జవాబులు రాస్తున్నాను. అల్లుడి అలకల గురించి రాసినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి, అప్పటికి అలకలూ తీరిపోతాయి.

ప్రశ్న: మావారు ఉద్యోగం చేసి రిటైరయ్యారు, కథలు రాస్తారు. రెండేళ్ల కిందట సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్నారు. 500 కాపీలు వేస్తే ఇంకా 300 దాకా మంచం కింద అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. పండక్కి పిల్లలంతా వస్తున్నారు, అందరం కలిసి ఆయనకేదైనా ఇద్దామనుకుంటున్నాం. అమ్మాయి మంచి ఇంకు పెన్ను కొందామంటోంది, అబ్బాయి ట్యాబ్ అంటున్నాడు. 5 వేల దాకా పెట్టగలం.
- ఒక ఇల్లాలు, విజయనగరం

జవాబు: అమ్మా, మీరు కొనాల్సింది మంచం కిందే ఉంది. ఆ పుస్తకం వెల ఎంతో మీరు రాయలేదు. 150 అనుకుందాం, 20 కాపీలు కొంటే 3 వేలు. కొనడమంటే నిజంగా కొనడమే, డబ్బు లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టాలి. 'మనింట్లో పుస్తకం మనం కొనడమేంటి' అని మీకు నవ్వు రావచ్చు. కానీ పెట్టెల్లోంచి బయటికెళ్లిన ఆ 200 కాపీల్లో ఎన్ని అమ్ముడయ్యాయో ఆయన్నొకసారి అడగండి, లేదా అడక్కండి, పండగపూట మనసు కష్టపెట్టుకుంటారు. నా పుస్తకం మా చుట్టాలందరిళ్లలోనూ ఉంది. డబ్బిచ్చి కొన్నది పదకొండు మంది. ఆ పదకొండు మంది పేర్లూ నాకు ఇప్పటికీ గుర్తే, ఎవరు ఎక్కడ నిలబడి జేబులోంచి డబ్బు తీశారో కూడా గుర్తే.

కొన్న ఇరవై పండక్కొచ్చినవాళ్లకి భోగినాడే పంచండి, తలా ఒక కథ చదవాలని చెప్పండి. ఒక్కటి చాలు, పుస్తకమంతా అంటే ఎవరూ మొదలే పెట్టరు. కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఇల్లు వదిలి ఎవరూ పోలేరు, గారెలు తిన్నాక మధ్యాహ్నం అందర్నీ కూర్చోబెట్టి చదివిన కథ గురించి ఆయనతో మాట్లాడించండి. 'చాలా బావుంది మావయ్యా' అన్నది మాటకింద లెక్కకాదు. ఫలానా మనిషి ఎందుకలా చేశాడు, ఆ ముసలామె చివరికి ఏమైంది, నాకు ఇక్కడ అర్థం కాలేదు, ఇలాంటివి అడగాలి. తప్పు చూపించినా ఫరవాలేదు, ఆ తప్పు దాకా చదివారని ఆయనకి తెలుస్తుంది.

ఇక పెన్ను. ఆయన ఇప్పుడు దేంతో రాస్తున్నారో ఒకసారి బల్ల మీద చూడండి. పది రూపాయల బాల్‌పెన్నుతో ముప్ఫై ఏళ్లుగా రాస్తున్న చెయ్యి ఇంకు పెన్నుకి అలవాటుపడదు, అది అద్దాల బీరువాలోకి వెళ్లిపోతుంది. ఇంకుతో రాసే అలవాటుంటే మాత్రం అమ్మాయి మాటే వినండి, మన రాజమండ్రిలోనే చేతితో చేసే రత్నం పెన్నులున్నాయి, స్వదేశీ ఉద్యమం రోజుల్లో గాంధీగారి మాట మీద మొదలైన పని అది. డ్రాపర్‌తో ఇంకు నింపుకునే రకమైతే దానితోపాటు ఒక ఇంకు సీసా, ఇంకు అవతలికి దిగని కాస్త మందం కాగితాల పుస్తకం కూడా కొనండి. పల్చటి కాగితం మీద అంత మంచి పెన్నూ పేజీకి రెండు పక్కలా రాస్తుంది.

ట్యాబ్ వద్దు. టైపింగ్ రానివాళ్లకి ట్యాబ్ ఇస్తే అందులో మనవలు ఆటలాడతారు. మిగిలిన 2 వేలు పెట్టి, ఆయన రాసిపెట్టుకున్న కొత్త కథల్ని డీటీపీ చేయించండి, యూనికోడ్‌లోనే, అంటే ఏ ఫోన్లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతిలోనే కావాలని షాపులో గట్టిగా చెప్పండి. పాత అను ఫాంట్లలో కొట్టిస్తే, కథ పత్రికకి పంపినప్పుడు మెయిల్లో అవతలివాళ్లకి అక్షరాల బదులు పిచ్చిగీతలు కనిపిస్తాయి, మళ్లీ మార్పించడానికి ఇంకో ఖర్చు. తప్పులు దిద్దే పని మాత్రం అబ్బాయికి అప్పజెప్పండి, ట్యాబ్ అన్నది అతనే కదా.

ప్రశ్న: శ్రీకాకుళంలో మా బాబాయి తెలుగు మాస్టారుగా చేశారు, ఇప్పుడు చూపు కాస్త తగ్గింది. ఆయన మొదటి కథ 1978లో ఒక వారపత్రికలో వచ్చిందట, ఆ కాపీ ఇల్లు మారినప్పుడు పోయింది, ఇప్పటికీ దాని మాటే చెబుతుంటారు. పండక్కి వచ్చి శాలువా కప్పి మెమెంటో ఇద్దామనుకుంటున్నాను, సరేనా?
- ఒక అబ్బాయి, హైదరాబాద్

జవాబు: బాబూ, రాసేవాళ్లింట్లో బీరువా ఎప్పుడైనా తెరిచి చూశావా? అడుగు అరంతా శాలువాలే. సభకొకటి. కప్పుకుంటే చెమట, పారేస్తే పాపం. మెమెంటోల మీద పేరు తప్పుగా చెక్కినవి నా దగ్గరే రెండున్నాయి.

నీకు కావలసింది మీ బాబాయి ఊళ్లోనే ఉంది. కథలు రాసిన కాళీపట్నం రామారావుగారు, అదే మన కారా మాస్టారు, 1997లో శ్రీకాకుళం విశాఖ ఏ కాలనీలో కథానిలయం అని కథల లైబ్రరీ పెట్టారు. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒక్కచోట చేర్చాలని ఆయన పట్టుదల, పాత పత్రికల కోసం తిరిగి తిరిగి పోగుచేశారు. మాస్టారు 2021లో పోయారు. ఆ 1978 కథ అక్కడ ఉందనే హామీ నేనివ్వలేను గానీ, వెతకాలంటే ముందు వెళ్లాల్సిన తలుపు అదే. వాళ్ల వెబ్‌సైటు కూడా ఉంది, హైదరాబాద్‌లోనే కూర్చుని రచయిత పేరుతో ముందు చూసుకో.

వెళ్లేముందు పిన్నిని పక్కకి పిలిచి నాలుగు సంగతులు రాబట్టు: కథ పేరు, పత్రిక పేరు, ఏ నెల, ఏ పేరుతో రాశారు. ఆ చివరిది ముఖ్యం. ఉద్యోగంలో ఉన్నవాళ్లు, అందులోనూ మాస్టార్లు, ఆ రోజుల్లో భార్య పేరుతోనో ఊరి పేరుతోనో రాసినవాళ్లు బోలెడుమంది, పిన్ని పేరుతోనే అచ్చయి ఉన్నా ఆశ్చర్యపోకు. పండగ మూడు రోజులూ కాకుండా ముందే వెళ్లు, ఫోన్ చేసి వెళ్లు. దొరికితే పేజీలు పెద్ద సైజులో జెరాక్స్ తీయించి, పక్కన వచ్చిన సబ్బు ప్రకటనతో సహా అలాగే ఉంచి, బైండు చేయించు. చూపు తగ్గిందన్నావు కదా, కట్ట కట్టి ఇచ్చేసి వెళ్లిపోకు, పక్కన కూర్చుని నువ్వే చదివి వినిపించు.

దొరక్కపోతే? అప్పుడు ఆయన చేతే ఆ కథ చెప్పించి ఫోన్లో రికార్డు చేయి. ఫోన్ కీబోర్డులో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే తెలుగు దానంతటదే టైపవుతుంది, చూపు లేనివాళ్లకి అదెంతో సాయం, అది చేయడం ఆయనకి నేర్పు. మన సిక్కోలు, అదే శ్రీకాకుళం, మాట దానికి ఒక్కోసారి ఎక్కదు, నేను 'ఏమిటి' అనడానికి 'ఏటి' అంటే రెండుసార్లు 'ఏరు' అని కొట్టింది. ఓపిక కావాలి.

అయినా ఏదో ఒకటి కప్పాలనే ఉంటే పొందూరు ఖద్దరు ఉత్తరీయం కొను. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి శుభ్రం చేసి, చేత్తో వడికిన నూలు. ఎండాకాలం కూడా భుజాన వేసుకుంటారు.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను, కవితలు, కథలు రాస్తాను. ఆ సంగతి తెలిసినప్పట్నించీ ప్రతివాళ్లూ నాకు డైరీలే ఇస్తున్నారు. ఇప్పటికి తొమ్మిది. ఏం చెప్పి ఆపను?
- బొబ్బిలి అమ్మాయి

జవాబు: ఆపకు తల్లీ, దారి మళ్లించు. ఏం కావాలని అడిగినవాళ్లకి సిగ్గుపడకుండా 'ఏడాది చందా' అని చెప్పు, నీకిష్టమైన పత్రిక ఏదో ఒకటి. అమ్మనడిగితే మాత్రం పండగ రోజుల్లో పొద్దున్న రెండు గంటలు మేడ మీద గది అడుగు, అరిసెల పిండి దంచే పని తర్వాత చేస్తానని మాటిచ్చి మరీ.

ఆ తొమ్మిది డైరీలకీ ఒక పని చెబుతాను. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా పదాలు సేకరింపజేసి వ్యవసాయ పదాలకే ఒక పదకోశం 1962లో తెచ్చారు. నాగలిలో ఏ భాగాన్ని ఏ ప్రాంతంలో ఏమంటారో ఉంటుంది అందులో, లైబ్రరీలో దొరికితే తిరగేయి. పండక్కి మీ అమ్మమ్మగారి ఊరు వెళ్తావు కదా. కుప్ప నూర్చేటప్పుడు, పశువుల్ని కట్టేటప్పుడు, పిండివంట చేసేటప్పుడు వాళ్లనే మాటలు రాసుకో, అన్నమనిషి పేరు, ఊరి పేరు పక్కనే వేసి. ముసలివాళ్లని 'ఇదేంటి' అని అడిగితే ఆగకుండా చెబుతారు, నీ చెయ్యి నొప్పెడుతుంది. తేదీ గీతలు పట్టించుకోకు, జనవరి పేజీలోనే నువ్వు నాలుగు ఊళ్లు రాసేస్తావు.